ఇల్లు కూడా ఒక అమానతే

ఫజ్ర్ నమాజు అయింది. పొయ్యి మీద టీ మరుగుతోంది. “నా లెక్కల పుస్తకం ఏదీ?” అని ఒకరు, “బండి తాళం ఎక్కడుంది?” అని మరొకరు. అందరికీ జవాబు చెప్పాల్సింది మాత్రం ఒక్క అమ్మీయే! మన ఇళ్ళల్లో చాలావరకు ఇదే పరిస్థితి కదా?

ఇల్లు సర్దుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది. కాని దాని విలువ గోదావరి ఒడ్డున ఉన్నవారికి బాగా తెలుసు. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ చేస్తారు. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటింది. వేలాది మంది ఇళ్ళు వదిలి పునరావాస కేంద్రాలకు వెళ్ళాల్సి వచ్చింది. అలాంటి ఘడియలో ఆధార్, రేషన్ కార్డు, పాసుపుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు, పెద్దల మందులు ఒక్కచోట ఉన్న ఇల్లు వేరు. బీరువాలన్నీ వెతుక్కునే ఇల్లు వేరు.

మరి ఈ భారం ఎవరిది? మనలో ప్రతి ఒక్కరూ కాపరేననీ, తమ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందనీ దైవప్రవక్త (సఅసం) బోధించారు (బుఖారీ, ముస్లిం). అందులో పురుషుడి ప్రస్తావనా ఉంది, స్త్రీ ప్రస్తావనా ఉంది. ఆయన ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో తోడ్పడేవారనీ, నమాజు వేళ కాగానే బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). ఇంటి పనిని నామోషీగా భావించే మనం ఈ మాటపై కాస్త ఆలోచించాలి.

మనం ఆచరించదగిన కొన్ని విషయాలు:

1. ముఖ్యమైన కాగితాలన్నీ నీరు చొరబడని ఒకే సంచిలో ఉంచాలి. అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

2. ఇషా తర్వాత పది నిమిషాలు అందరూ కలిసి మర్నాటి బ్యాగులు, బట్టలు, తాళాలు సిద్ధం చేసుకోవాలి.

3. పిల్లల్లో ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగించాలి. ఆడపిల్లకే కాదు, మగపిల్లవాడికి కూడా!

4. పొరుగువారి దగ్గర తెచ్చిన గిన్నె, నిచ్చెన వాడుక తీరగానే తిరిగి ఇచ్చేయాలి. అదీ అమానతే.

ఈ రాత్రే మొదలుపెడదాం. రేపు ఉదయం అమ్మీ కూడా మనతోపాటు కూర్చుని, వేడిగా ఉండగానే టీ తాగగలిగితే, మన ఇల్లు చక్కబడటం మొదలైనట్లే. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.