పెరట్లో కుందేలు పిల్లలు

వేటపాలెం ఇసుక నేలల్లో, మీ పెరటి గడ్డిదుబ్బు చాటున రెండు కుందేలు పిల్లలు కనిపించాయనుకోండి. తల్లి జాడ లేదు. "అయ్యో, దిక్కులేనివి!" అని బుట్టలో పెట్టి ఇంట్లోకి తెస్తారు. ఆ జాలే వాటికి ముప్పు!

ముందు వాటిని పరీక్షగా చూడండి. ఒంటినిండా బొచ్చు, తెరచిన కళ్లు! ఇళ్లలో పెంచే కుందేలు పిల్లలు అలా పుట్టవు. పెంపుడు కుందేలు యూరప్ జాతి; ఇంగ్లీషులో రాబిట్. మన పొలాల్లో తిరిగేది హేర్. మెడ వెనుక నల్లమచ్చ దీని గుర్తు. శాస్త్రనామం లెపస్ నైగ్రికోలిస్.

ఈ తేడా ఎందుకు? రాబిట్ నెల రోజులకే బొరియలో ఈనుతుంది. పిల్లలు కళ్లు తెరవకపోయినా అక్కడ భయం లేదు. హేర్ బొరియ తవ్వదు. సుమారు 6 వారాలు మోసి, నేలమీదనే ఈనుతుంది. కనుక పిల్లలు సిద్ధమై పుట్టాలి.

మరి తల్లి ఏదీ? అది దగ్గరే ఉంటే కుక్కలు, నక్కలు పసిగడతాయి. అందుకే పగలు దూరంగా ఉంటుంది. యూరప్ హేర్ రోజుకు ఒక్కసారే, పొద్దుగూకాక వచ్చి, కొద్ది నిమిషాలు పాలిచ్చి పోతుంది. ఆ పాలు చాలా చిక్కన.

కాబట్టి పిల్లలను ముట్టుకోకండి. ఆవుపాలు పట్టకండి. కుక్కను కట్టేసి, మీరూ దూరంగా ఉండండి. గాయపడితే అటవీశాఖ వారికి చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టడం నేరం.

ఆలోచించండి: కోడిపిల్ల, పిచ్చుక పిల్ల - వీటిలో హేర్ పిల్లను పోలినది ఏది? ఎందుకు?