మాస్కు ముందు, మిషను తర్వాత

విజయవాడ,
ఆదివారం సాయంత్రం

చిన్నా,

నిన్న రాత్రి ఫోన్లో "ఇన్సూరెన్సు వాళ్లు ఇవ్వం అన్నారక్కా, ఇంక చూద్దాంలే" అన్నావు. ఆ "చూద్దాంలే" విన్న దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్లో చెబితే సగం నీ చెవిన పడదు, సగం నేనే మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. షాపుకి వెళ్లే ముందు ఇంకోసారి చదువుకో.

నీ స్లీప్ ఆప్నియా రిపోర్టులో ఏహెచ్ఐ 42 అని ఉంది. అంటే గంటకి 42 సార్లు నీ ఊపిరి ఆగిపోవడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోంది. 5 దాటితేనే జబ్బు కింద లెక్క, 30 దాటితే తీవ్రం అంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది, ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. నీకు గుర్తు కూడా ఉండదు, మళ్లీ నిద్రలోకి జారుకుంటావు. తెల్లవార్లూ ఇదే పని. ఎనిమిది గంటలు పడుకుని లేచినా తల దిమ్ముగా ఉండటానికి, రెండు రకాల మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగకపోవడానికి కారణం చాలావరకు ఇదే అయ్యుంటుంది. సీప్యాప్ మిషను వచ్చేదాకా పొద్దున్నే బండి తీయకు, మెట్రోలో వెళ్లు. నిద్ర మాత్రల జోలికీ, మందు జోలికీ అసలు పోకు. ఆ రెండూ గొంతుని ఇంకా వదులు చేస్తాయి.

మీ బావకి ఏడేళ్ల కిందట జరిగింది నీకు పూర్తిగా చెప్పలేదు. ఏలూరు నుంచి వస్తూ హనుమాన్ జంక్షన్ దాటాక, పట్టపగలు, స్టీరింగు పట్టుకునే నిద్రలోకి జారాడు. నేను పక్కనే ఉన్నాను. కారు డివైడరు వైపు వెళ్తోంది. నేను అరిచిన అరుపుకి లేచాడు. పిల్లలు వెనక సీట్లో ఉన్నారు. ఆ రోజు నుంచి ఈ జబ్బు గురించి నేను నేర్చుకున్నదంతా డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నదే. అది నీకు పోకూడదు.

ఇన్సూరెన్సు విషయం ముందు తేల్చేస్తాను. మన దగ్గర హెల్త్ పాలసీలు ఆసుపత్రిలో చేరితే వచ్చే ఖర్చు కోసం పుట్టినవి. ఇంటికి తెచ్చుకుని వాడుకునే మిషనుకి సాధారణంగా ఇవ్వవు. పరీక్షల కోసమే ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు కూడా మినహాయింపుల్లోనే ఉంటుంది. కాబట్టి "ఒక రాత్రి అడ్మిట్ అవండి సార్, అన్నీ క్లెయిమ్‌లో పెట్టేద్దాం" అని ఎవరైనా అంటే నమ్మకు. నాకు బాగా కోపం తెప్పించే సంగతి ఒకటుంది. నీ పాలసీ పుస్తకంలో ఊబకాయం గురించిన మినహాయింపు తీసి చూడు. బీఎంఐ 35 పైన ఉండి తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉంటే, బరువు తగ్గించే ఆపరేషనుకి కొన్ని షరతుల మీద డబ్బు ఇవ్వొచ్చని ఉంటుంది. పొట్ట కోయించుకోవడానికి లక్షలిచ్చే పాలసీ ఊపిరి నిలబెట్టే మిషనుకి చెయ్యి అడ్డం పెడుతుంది. ఇది అన్యాయం, మారాలి. అదే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకీ పెన్షనర్లకీ ఉన్న సీజీహెచ్ఎస్‌లో, డాక్టరు రాసి అనుమతి వస్తే సీప్యాప్‌కి 50,000 రూపాయల దాకా ఇస్తారు. అంటే ఇది విలాసం కాదు, వైద్యమేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా.

అయినా నువ్వు మాటతో వదిలెయ్యకు. నీది కంపెనీ పాలసీ కాబట్టి హెచ్ఆర్‌కి ఈమెయిల్ పెట్టి రెండు విషయాలు అడుగు. ఓపీడీ కవర్ ఏమైనా ఉందా, వైద్య పరికరాలకి విడిగా పరిమితి ఉందా అని. జవాబు రాతలోనే తీసుకో. పాలసీలో ఉండీ ఇవ్వకపోతే కంపెనీకి ఫిర్యాదు చేసి, నెల్లోగా సరైన జవాబు రాకపోతే మీ హైదరాబాదులోనే ఉన్న బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. దానికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. పాలసీలోనే లేకపోతే మాత్రం దాని వెంట తిరిగి ఒక్క నెల కూడా పాడు చేసుకోకు. ఇంకో మాట. రేపు సొంతంగా పాలసీ తీసుకునేటప్పుడు ఈ జబ్బు ఉందని దాచకు. ముందే ఉన్న జబ్బుకి వెయిటింగ్ పీరియడ్ ఇప్పుడు మూడేళ్లకి మించకూడదు. దాస్తే రేపు గుండెకి ఏదైనా వచ్చినా దీన్ని సాకుగా చూపిస్తారు.

ఇక కొనడం. పోయినేడు మీ ఆఫీసులో ఎవరో కొన్నారని నువ్వు చెప్పిన 80 వేల మిషను గురించే ఆలోచిస్తున్నావని నాకు తెలుసు. అసలు ఈ మిషను చేసే పనేమిటో తెలిస్తే ఆ మోజు తగ్గుతుంది. దీన్ని కనిపెట్టింది ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సల్లివాన్. 1981లో లోకానికి చెప్పాడు. తొలినాళ్ల మిషన్లు వాక్యూమ్ క్లీనర్ మోటారుతో చేసినవే. గాలిని ఒకే ఒత్తిడితో ముక్కులోకి పంపితే, ఆ గాలే గొంతు లోపల ఆధారంగా నిలిచి దారి మూసుకుపోకుండా చూస్తుంది. అంతే. రంగు తెర, ఫోను యాప్, వెచ్చటి గొట్టం, ఇవన్నీ తర్వాత వచ్చిన సౌకర్యాలు. నీకు కావలసింది నీ గొంతుకి సరిపడే ఒత్తిడి, నీ ముఖానికి సరిపడే మాస్కు.

మేం ఇక్కడే దెబ్బతిన్నాం. ఆసుపత్రి గుమ్మంలోనే ఒకాయన కార్డిచ్చి, సాయంత్రానికల్లా ఇంటికొచ్చి ఒత్తిడిని తనే మార్చుకునే 78 వేల ఆటో మిషను పెట్టి వెళ్లాడు. మాస్కు సంచిలోంచి తీసి, మీ బావని కుర్చీలో కూర్చోబెట్టి, మొహానికి ఆనించి "సరిపోయింది మేడమ్" అన్నాడు. రాత్రి పడుకోగానే బుగ్గ పక్కనుంచి గాలి బుస్సుమని కంట్లోకి కొట్టింది. పట్టీలు బిగిస్తే ముక్కు దూలం మీద ఎర్రగా కందిపోయింది. మూడో రాత్రి రెండింటికి పీకి పక్కన పడేశాడు. నాలుగు నెలలు ఆ మిషను బీరువా మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంది, ఈయన గురక పెడుతూనే ఉన్నాడు. చివరికి గుంటూరులో ఒక టెక్నీషియను చూసి, లార్జ్ ఇచ్చారు, ఈయనకి స్మాల్ కావాలి అన్నాడు. 3,800 పెట్టి ముక్కు వరకే ఉండే చిన్న మాస్కు కొన్నాం. ఆ రాత్రి మొదటిసారి ఇంట్లో నిశ్శబ్దం. నేను భయపడి లేచి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాను.

అందుకని, మాస్కు ఎంచుకునేటప్పుడు పడుకుని, మిషను ఆన్ చేసి, నీకు రాసిన ఒత్తిడి పెట్టి, రెండు పక్కలకీ తిరిగి చూసుకో. ముక్కు మీద కూర్చునేవి, ముక్కు రంధ్రాల దగ్గరే ఆనేవి, నోరూ ముక్కూ రెండూ కప్పేవి అని మూడు రకాలు. నువ్వు నోరు తెరిచి పడుకుంటావని మీ ఆవిడ చెప్పింది. అది ముక్కు దిబ్బడ వల్లేనా అని ముందు చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించు. ముక్కు తెరుచుకుంటే చిన్న మాస్కే సరిపోవచ్చు. గడ్డం పెంచుతున్నావు కదా, నోరు కప్పే మాస్కుని అది ఆననివ్వదు. పాడయ్యాక మాస్కు మొత్తం మార్చక్కర్లేదు, కుషన్ ఒక్కటే విడిగా దొరుకుతుంది. అది దొరకని రకం మాస్కు కొనకు.

ఒత్తిడి ఎంతో తేల్చుకోవడానికి మళ్లీ ఆసుపత్రిలో రాత్రంతా పడుకునే పరీక్ష ఖర్చెక్కువ. దానికి బదులు, మీ డాక్టరు ఒప్పుకుంటే, ఆటో మిషను రెండు వారాలు అద్దెకి తీసుకో. గుండె వైఫల్యం, ఊపిరితిత్తుల జబ్బు లాంటివి ఉన్నవాళ్లకి ఈ దారి పనికిరాదు, అందుకే డాక్టరుని అడగమంటున్నాను. ఆటో మిషను రాత్రంతా అవసరాన్ని బట్టి ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ, లెక్కంతా లోపలి కార్డులో రాసుకుంటుంది. నూటికి 95 పాళ్ల సమయం ఎంత ఒత్తిడి లోపల సరిపోయిందో అందులో తెలుస్తుంది. అది ఏ 9 దగ్గరో, 10 దగ్గరో రోజూ నిలకడగా ఉందనుకో, ఒకే ఒత్తిడి ఇచ్చే మామూలు సీప్యాప్ నీకు చాలని డాక్టరు చెప్పొచ్చు. ధరలో ఆటోకీ దానికీ చాలా తేడా. ఒత్తిడి రాత్రికో రకంగా మారుతుంటే ఆటోనే కొను, కానీ అందులోనూ 35, 40 వేల దగ్గర మంచివి దొరుకుతున్నాయి. అద్దెకి తీసుకునేటప్పుడే, తర్వాత కొంటే అద్దె ధరలో తగ్గిస్తారా అని అడిగి, బిల్లు మీద రాయించుకో. చాలామంది ఒప్పుకుంటారు, అడిగితేనే.

డాక్టరు చీటీలో కంపెనీ పేరు కాకుండా మిషను రకం, ఒత్తిడి, మాస్కు రకం రాయమను. ఆ చీటీతో కనీసం మూడు చోట్ల ధర అడుగు. ఒకరి కొటేషన్ ఇంకొకరికి చూపించడానికి మొహమాటపడకు. ఇంకా ఖరీదైన బైప్యాప్ మిషను అనీ, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ అనీ అంటగడితే తీసుకోకు. కాన్సన్‌ట్రేటర్ ఆక్సిజన్ ఇస్తుందే గాని మూసుకున్న గొంతుని తెరవదు. కోవిడ్ అప్పుడు కొన్నవి ఎన్నో ఇళ్లలో అటకల మీద ఉన్నాయి, ఊరికే ఇస్తామన్నా అది నీ జబ్బుకి మందు కాదు.

సెకండ్ హ్యాండ్ తప్పు కాదు, నీ బడ్జెట్‌కి అదే మంచి దారి కూడా కావచ్చు. కానీ మిషను ఎన్ని గంటలు నడిచిందో మెనూలో చూడాలి, మొదటి బిల్లు అడగాలి, సీరియల్ నంబరు రాసుకోవాలి. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ, చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన నురుగు అరిగి గాలిలో కలిసే ప్రమాదం ఉందని మొదటి డ్రీమ్‌స్టేషన్ సహా లక్షల మిషన్లు వెనక్కి పిలిచింది. అవి చవగ్గా అమ్మకానికి వస్తే ముట్టుకోకు. ఏ మిషను తీసుకున్నా వేరేవాళ్లు వాడిన మాస్కు, గొట్టం, ఫిల్టరు వద్దు, అవి కొత్తవే. డల్లాస్‌లో ఉన్న పెద్దమ్మ కొడుకుని తెమ్మని అడుగుతానన్నావు. కరెంటు సమస్య రాదు, ఇప్పటి మిషన్ల అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటాయి. కానీ అక్కడ మిషను కొనాలంటే డాక్టరు చీటీ ఉండాలి, ఇక్కడ పాడైతే వారంటీ పనికిరాకపోవచ్చు. వాడి ఇన్సూరెన్సులోనూ ఒక మొత్తం దాకా వాడే సొంత డబ్బు కట్టుకుంటున్నాడు, పాపం. వాడినేం అడుగుతాం. అడిగితే మాస్కు కుషన్లు అడుగు, బరువు ఉండవు.

కొన్నాక నెలనెలా పెద్ద ఖర్చేం లేదు. పొద్దున్నే కుషన్ ఘాటు లేని సబ్బుతో కడిగి నీడన ఆరబెట్టు. ఓజోన్‌తో శుభ్రం చేసే పెట్టెలు కొనమంటారు, వద్దు. మీ ఇంటి దుమ్ముకి ఫిల్టరు నెలనెలా మార్చాల్సి వస్తుంది. తేమ డబ్బాలో డిస్టిల్డ్ వాటరే పొయ్యి, బ్యాటరీకి పోసే నీళ్లు కాదు. వర్షాకాలంలో ఏసీ లేకపోతే నీకు తేమ అవసరం లేకపోవచ్చు కూడా. కరెంటు పోయినప్పుడు తేమ వేడి ఆపేస్తే ఇంటి ఇన్వర్టరు మీద చాలాసేపు నడుస్తుంది. మేం ఊరెళ్లినా అలాగే వాడుతున్నాం.

మొదటి వారం నీకు ఊపిరాడనట్టు ఉంటుంది. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని కూర్చో. ర్యాంప్ అని ఒక సెట్టింగు ఉంటుంది, తక్కువ ఒత్తిడితో మొదలై మెల్లగా పెరుగుతుంది, అది పెట్టించుకో. మీ బావకి ఇరవై రోజులు పట్టింది. ఇప్పుడు పొద్దున్న లేచేసరికి చెంప మీద పట్టీ గీత ఉంటుంది, కాఫీ తాగేలోపు పోతుంది.

డబ్బు దగ్గర ఆగిపోకు. బ్యాంకులో నా ఆర్డీ వచ్చే నెల తీరుతుంది, అందులో పాతికవేలు నీకు పంపుతాను. వీలున్నప్పుడు ఇద్దువుగాని, మీ ఆవిడకి చెప్పే తీసుకో. వచ్చే శనివారం ఇక్కడికి రా. బస్సులో రా, కారులో కాదు. రిపోర్టు మొత్తం తీసుకురా, మొదటి పేజీ ఒక్కటే కాదు. ఆ గుంటూరు టెక్నీషియనుతో మాట్లాడి ఉంచాను, మూడు సైజుల మాస్కులూ తెస్తానన్నాడు. మా మంచం మీదే పడుకుని పెట్టుకుని చూద్దువుగాని.

ప్రేమతో,
అక్క