గడియ అరిగింది.. అడ్వాన్స్ కరిగింది!

న్యాయ సలహా

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్‌లో అయిదేళ్లుగా అద్దెకుంటున్నాం. అద్దె నెలకు 19 వేలు, అడ్వాన్స్ రెండు నెలలది. వచ్చే నెల ఖాళీ చేస్తామని చెప్పగానే ఓనర్ వచ్చి ఇల్లంతా చూశారు. మూడు కిటికీల హ్యాండిళ్లు వదులై ఊరికే తిరిగిపోతున్నాయి. వంటింటి కిటికీది విరిగిపోయింది. నాలుగింటికీ కొత్త షట్టర్లు వేయించాలని, అందుకు అడ్వాన్స్‌లో 18 వేలు పట్టుకుంటానని అంటున్నారు. హ్యాండిళ్లు వదులయ్యాయని రెండేళ్ల కిందటే వాట్సాప్‌లో చెప్పాం, పట్టించుకోలేదు. ఇప్పుడు మేం కట్టాల్సిందేనా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పద్దెనిమిది వేలు కట్టక్కర్లేదు. అలాగని ఒక్క రూపాయి కూడా ఇవ్వనని భీష్మించుకోవడం కూడా కుదరదు. వదులైన మూడింటి సంగతి వేరు, విరిగిన ఒకదాని సంగతి వేరు.

ముందు మీకు ఏ చట్టం వర్తిస్తుందో చూద్దాం. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇంకా ఉంది. కానీ కార్పొరేషన్ పరిధిలో అద్దె నెలకు 3,500 రూపాయలు దాటితే అది వర్తించదు. అంటే నగరంలో అద్దెకుంటున్న మధ్యతరగతిలో దాదాపు అందరూ దాని బయటే ఉన్నారు. మీకూ మీ ఓనర్‌కూ మధ్య ఇక మిగిలేవి మీరు సంతకం పెట్టిన అద్దె ఒప్పందం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం.

ఆ చట్టంలోని 108వ సెక్షన్ ఓనర్ బాధ్యతలు, అద్దెదారు బాధ్యతలు చెబుతుంది. అయితే ఒప్పందంలోగానీ స్థానిక ఆనవాయితీలోగానీ వేరుగా లేనప్పుడే ఇవి చెల్లుతాయని మొదటి మాటగానే అంటుంది. కాబట్టి బీరువాలోంచి ఆ కాగితం తీయండి. స్టాంపు వెండర్ దగ్గర టైపు చేయించిన ఈ 11 నెలల ఒప్పందాల్లో అద్దె, అడ్వాన్స్ అంకెలు తప్ప మిగతాది ఓనరూ చదవరు, అద్దెదారూ చదవరు. చిన్నాచితకా మరమ్మతులు అద్దెదారువే అన్న వాక్యం చాలా వాటిలో ఉంటుంది. మీ దాంట్లోనూ ఉంటే హ్యాండిళ్లు ఆ లెక్కలోకే వస్తాయి. పదకొండు నెలలు ఎప్పుడో అయిపోయాయి కదా అంటారేమో. గడువు ముగిశాక కూడా మీరు ఉంటూ, ఆయన అద్దె తీసుకుంటూ ఉంటే, 116వ సెక్షన్ ప్రకారం ఆ అద్దె నెలవారీగా కొనసాగినట్టే. పాత షరతులు కూడా మామూలుగా దాని వెంటే వస్తాయి.

ఒప్పందంలో ఏమీ లేదనుకుందాం. అప్పుడు 108(ఎం) చూడాలి. ఇల్లు ఏ స్థితిలో తీసుకున్నారో ఆ స్థితిలోనే అప్పగించాలి. కానీ మామూలు వాడకం వల్ల జరిగిన అరుగుదలను చట్టం మినహాయించింది. అయిదేళ్లపాటు రోజూ తెరిచి మూసే కిటికీకి హ్యాండిల్ వదులు కావడం సరిగ్గా ఇలాంటి అరుగుదలే. వంటింటిది ఎలా విరిగిందన్నది తేలాలి. పిల్లవాడు పట్టుకుని వేలాడితే విరిగిందా, బిగుసుకుపోయిందని సుత్తితో కొడితే విరిగిందా, లేక మామూలుగా తిప్పుతుంటేనే చేతిలోకి వచ్చిందా? మొదటి రెండూ అయితే ఖర్చు మీది. మూడోది అయితే అరుగుదల కిందికే వస్తుంది.

దీనికి సాక్ష్యం హ్యాండిల్ లోపలే దొరుకుతుంది. యూపీవీసీ కిటికీ అయితే హ్యాండిల్ అడుగున ఉన్న చిన్న మూతను పక్కకు తిప్పితే రెండు స్క్రూలు కనిపిస్తాయి. అవి విప్పితే హ్యాండిల్‌తోపాటు నలుపలకల కడ్డీ బయటికి వస్తుంది. ఆ కడ్డీ అంచులు గుండ్రంగా నున్నబడి ఉంటే అది ఏళ్ల తరబడి అరిగిందన్నమాట. హ్యాండిల్ వంగి, ఒక్కచోట పుటుక్కున విరిగి ఉంటే దెబ్బ తగిలిందన్న అనుమానానికి చోటుంటుంది. విరిగిన ముఖం మీద పాత మరక, తుప్పు ఉంటే పగులు ఈనాటిది కాదని వాదించవచ్చు. ఈ ముక్కను పారేయకండి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. హ్యాండిల్ బాగానే ఉండి లోపలి లాక్ పెట్టె పోయిన సందర్భాలూ ఉంటాయి కాబట్టి కార్పెంటర్‌తో ఏది పోయిందో బిల్లు మీద ఒక్క ముక్క రాయించుకోండి.

రెండేళ్ల కిందటే చెప్పాం అన్నారు. ఇక్కడ చాలామంది పొరబడతారు. అరుగుదల బాధ్యత అద్దెదారుది కాదంటే ఓనర్‌దే అని అర్థం చేసుకుంటారు. చట్టం అలా అనలేదు. ఓనర్ ఏ మరమ్మతు చేయించాల్సి ఉందో, నోటీసు ఇచ్చాక తగిన సమయంలో అది చేయించకపోతే అద్దెదారు తానే చేయించుకుని, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని 108(ఎఫ్) అంటుంది. అయితే ఆ మరమ్మతు ఆయన చేయించి తీరాల్సినదై ఉండాలి. ఒప్పందంలో ఆ మాట లేకపోతే హ్యాండిల్ బిగించాల్సిన బాధ్యత ఇద్దరిలో ఎవరి మీదా గట్టిగా పడదు. నూట నలభై ఏళ్లు దాటిన చట్టం, కిటికీ హ్యాండిళ్ల దాకా ఆలోచించలేదు. అందుకే చెప్పకుండా అద్దెలో కోసుకోవద్దని నా సలహా. అద్దె బకాయి అన్న పేరు మీకే మిగులుతుంది. కానీ ఆ వాట్సాప్ మెసేజ్ వృథా కాదు. హ్యాండిళ్లు పోయింది ఖాళీ చేసే హడావిడిలో కాదని, ఓనర్‌కు ముందే తెలుసని అది రుజువు చేస్తుంది. ఫోన్ మార్చినా చాట్ పోకుండా దాచుకోండి. కోర్టు దాకా వెళితే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఒక ధ్రువపత్రం జతచేయాలి.

ఇక్కడ అద్దెదారులకు రుచించని సంగతి ఒకటి చెప్పాలి. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఈ హ్యాండిళ్ల ప్రస్తావన పేరుపెట్టి ఉంది. అందులోని రెండో షెడ్యూలు ఇంటి పనులను రెండు వాటాలు చేసింది. గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగు, పైపులు, వైరింగు ఓనర్ వాటా. కుళాయి వాషర్లు, స్విచ్చులు, దోమల జాలీలు, కిటికీ అద్దాలు, తలుపులకూ అల్మారాలకూ కిటికీలకూ పిడులు, తాళాలు మార్చడం అద్దెదారు వాటా. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది. తెలంగాణ ఓనర్లు దాన్ని చూపించి డబ్బు అడగలేరు. ఆంధ్రప్రదేశ్ తన అద్దె చట్టాన్ని ఈ తరహాకు మార్చుకున్న రాష్ట్రాల్లో ఒకటి. కనుక విజయవాడలోనో విశాఖలోనో కొత్తగా అద్దెకు దిగేవారు మరమ్మతుల వాటా ఒప్పందంలో ఎలా ఉందో చూసి సంతకం పెట్టండి. విశాఖలో మరీనూ. ఉప్పుగాలికి ఇనుప గడియలు, స్క్రూలు ఎంత తొందరగా తుప్పు పడతాయో అక్కడివారికి నేను చెప్పక్కర్లేదు.

ఇక 18 వేల సంగతి. పాడైంది హ్యాండిల్ అయితే షట్టర్ డబ్బు అడిగే హక్కు ఓనర్‌కు లేదు. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ నిజంగా జరిగిన నష్టానికే పరిహారం ఇప్పిస్తుంది. ఆ నష్టాన్ని సరిచేసుకునే మార్గం ఏముందో కూడా లెక్కలోకి తీసుకోమంటుంది. కొన్ని వందల రూపాయల హ్యాండిల్‌తో తీరే పనికి కిటికీ మొత్తం మార్చడం ఆయన సరదా కావచ్చు, మీ బాకీ కాదు.

నా సలహా ఇది. తాళాలు ఇవ్వకముందే మీరే నాలుగు హ్యాండిళ్లూ వేయించేయండి. రాణిగంజ్‌లోనో మీ వీధి హార్డ్‌వేర్ షాపులోనో పాత ముక్క చూపిస్తే సరిపోయేది ఇస్తారు. రెండు స్క్రూ రంధ్రాల మధ్య దూరం, కడ్డీ పొడవు మాత్రం కొలుచుకుని వెళ్లండి. చాలా యూపీవీసీ హ్యాండిళ్లకు ఆ దూరం 43 మిల్లీమీటర్లు. చట్టప్రకారం మూడింటికి మీరు పెట్టక్కర్లేదు, నిజమే. కానీ ఆ కాస్త ఖర్చుతో 18 వేల గొడవకు సాకు లేకుండా పోతుంది. వేయించాక ప్రతి కిటికీ మూసి తెరుస్తూ వీడియో తీసి ఓనర్‌కు పంపండి. అయినా డబ్బు పట్టుకుంటే స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ కుదిర్చే ఏర్పాటు ఉంది. దానికి కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదరకపోతే సివిల్ దావాకు మూడేళ్ల గడువుంటుంది.

ప్రశ్న: సొంత ఫ్లాట్. చేరి రెండేళ్లయింది. మా బ్లాకులో చాలా ఇళ్లలో కిటికీ హ్యాండిళ్లు ఊడుతున్నాయి. హార్డ్‌వేర్‌కు కంపెనీ వారంటీ ఏడాదేనని బిల్డర్ చేతులు దులుపుకొంటున్నారు.

జవాబు: కంపెనీ ఇచ్చే వారంటీ వేరు, బిల్డర్ మీద చట్టం పెట్టిన బాధ్యత వేరు. 2016 నాటి రెరా చట్టం 14(3) సెక్షన్ గోడలకు, స్లాబులకే పరిమితం కాదు. పనితనంలో, నాణ్యతలో లోపం ఉన్నా వర్తిస్తుంది. ఫ్లాట్ స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు మీరు లోపాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే, ఆయన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. లేకపోతే మీరు పరిహారం అడగవచ్చు. ఒక్క ఇంట్లో ఒక్కటి ఊడితే వాడకం తేడా అంటారు. రెండేళ్లలోనే బ్లాకంతా ఊడుతున్నాయంటే ఆ మాట నిలవదు. ఫ్లాట్ నంబర్లవారీగా జాబితా రాసి, ఫోటోలు జతచేసి, అసోసియేషన్ పేరుతోనే రాతపూర్వకంగా ఇవ్వండి. రెరాకు ఫిర్యాదు చేసే హక్కు అసోసియేషన్‌కూ ఉంది. సేల్ అగ్రిమెంట్ చివర్లో స్పెసిఫికేషన్ల పేజీ ఉంటుంది. అందులో రాసిన కంపెనీ హార్డ్‌వేరే వేశారా అన్నది కూడా చూడండి. 500 చదరపు మీటర్లలోపు స్థలంలో కట్టిన వాటికి, ఎనిమిదిలోపు ఫ్లాట్లున్న వాటికి రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీది అలాంటి చిన్న అపార్ట్‌మెంటైతే వినియోగదారుల కమిషన్ దారి పట్టండి.

ఈలోగా పై అంతస్తులో ఊడిన షట్టర్‌ను గాలికి వదిలేయకండి. కింద ఎవరి తలమీదైనా పడితే మొదటి ప్రశ్న ఆ ఇంట్లో ఉంటున్నవారికే వస్తుంది.

ప్రశ్న: కొన్న హ్యాండిల్ వారంలోనే విరిగింది. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ముద్రించి ఉందని షాపువారు తిప్పి పంపేశారు.

జవాబు: లోపమున్న సరుకు విషయంలో ఆ ముద్ర చెల్లదు. బిల్లులో గడువు ఉంటే ఆ గడువులో, లేకపోతే 30 రోజుల్లో లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం కూడా అలాంటిదే. మీరుంటున్న జిల్లాలోనే కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, గడువు రెండేళ్లు. అయిదు లక్షల రూపాయల దాకా కొనుగోళ్లకు ఫిర్యాదు రుసుము లేదు. అంతదూరం వెళ్లేముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే చెప్పుకోవచ్చు. అద్దె గొడవల్లో ఉచిత న్యాయ సహాయం కావలసినవారు 15100కు చేయాలి.