ఆంగ్‌కోర్ శిల్పనగర దర్శనం

కంబోడియా దేశపు వాయవ్య భాగంలో, టోన్లే సాప్ అనే మహాసరస్సుకు ఉత్తరాన సియెమ్ రీప్ నగరం ఉంది. నగరం చిన్నదే. ఆకాశాన్నంటే భవనాలు అక్కడ కనిపించవు. అయినా ఏటా లక్షలాదిమంది యాత్రికులు ఆ ఊరికి చేరుకోవడానికి కారణం, దానికి ఉత్తరాన కొద్ది కిలోమీటర్ల దూరంలో అడవి నడుమ విస్తరించి ఉన్న ఆంగ్‌కోర్. తొమ్మిదవ శతాబ్ది నుంచి పదిహేనవ శతాబ్ది వరకు ఖ్మేర్ సామ్రాజ్యానికి ఆయువుపట్టుగా వెలుగొందిన ప్రదేశమది. ‘ఆంగ్‌కోర్’ అనే మాట సంస్కృత ‘నగర’ శబ్దానికి ఖ్మేర్ ప్రజల నాలుకపై ఏర్పడిన రూపం. 1992లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఇక్కడికి వచ్చే భారతీయ యాత్రికులలో తరచుగా రెండు ధోరణులు కనిపిస్తాయి. ఒకటి తొందర. ఒక్క పగటిలో అన్ని ఆలయాలనూ చుట్టివచ్చి, ప్రతి గోపురం ముందు ఒక ఛాయాచిత్రం తీసుకొని వెళ్ళిపోవడం. రెండవది ‘ఇవన్నీ మనవే’ అనే అభిమానం. రాముడు, కృష్ణుడు, భీష్ముడు గోడల మీద కనిపించగానే ఆ గోడలను కూడా మనవాళ్ళే కట్టారనుకోవడం సహజమే కావచ్చు గానీ, సత్యం కాదు. కట్టించినవారు ఖ్మేర్ రాజులు, చెక్కినవారు ఖ్మేర్ శిల్పులు. వారి శాసనాలలో దైవస్తుతి, రాజప్రశస్తి సంస్కృత శ్లోకాలలో ఉంటాయి. ఆలయానికిచ్చిన భూముల వివరాలు, సేవకుల పేర్లు మాత్రం ఖ్మేర్ భాషలో ఉంటాయి. తేదీ తెలిసిన ఖ్మేర్ శాసనాలలో మొదటిది క్రీ.శ. 611 నాటిది. తెలుగులో తొలి శాసనంగా చెప్పుకొనే కలమళ్ళ శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. అంటే రెండు దేశభాషలూ ఇంచుమించు ఒకే కాలంలో సంస్కృతం పక్కన నిలబడి రాతి మీదికి ఎక్కాయన్నమాట. ఒకే కథలను విన్న రెండు జాతులు వాటిని ఎవరి రీతిలో వారు చెప్పుకున్నాయి. ఆ దృష్టితో చూసినవారికే ఆంగ్‌కోర్ తన సొగసును చూపుతుంది.

యాత్రకు అనువైన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. అప్పుడు వానలుండవు, ఎండ తీవ్రతా తక్కువ. మార్చి నుంచి మే వరకు రాళ్ళు సెగలు కక్కుతాయి. జూన్ నుంచి అక్టోబరు వరకు వర్షాలు కురుస్తాయి. వానకాలంలో జనసమ్మర్దం తగ్గుతుంది, కందకాలు నిండుతాయి, నాచు పట్టిన రాయి పచ్చగా మెరుస్తుంది. జారుడు మెట్ల విషయంలో జాగ్రత్తపడగలవారు ఆ కాలాన్ని ఎంచుకోవడం తప్పు కాదు. నగరానికి దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో కొత్త విమానాశ్రయం 2023లో ప్రారంభమైంది. పాత విమానాశ్రయంలా ఇది ఊరి చెంతనే లేదు కనుక బసకు చేరే వాహనాన్ని ముందుగా మాట్లాడుకోవడం మేలు. 2025లో థాయిలాండ్‌తో సాయుధ ఘర్షణలు జరిగి రెండు దేశాల మధ్య సరిహద్దు దారులు మూతపడ్డాయి. అందువల్ల బయలుదేరే ముందు ప్రభుత్వ సూచనలను చదువుకోవాలి. రోడ్డు మార్గాన్ని నమ్ముకోకపోవడం మంచిది.

ఆలయాల దర్శనానికి ప్రవేశపత్రం తప్పనిసరి. 2017లో నిర్ణయించిన ధరల ప్రకారం ఒక రోజుకు 37, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72 అమెరికన్ డాలర్లు. దానిపై యాత్రికుని ముఖచిత్రాన్ని ముద్రిస్తారు కాబట్టి ఒకరి పత్రం మరొకరికి పనికిరాదు. మూడు రోజుల పత్రమే అన్నివిధాలా ఉత్తమం. దేశపు నాణెం రియెల్ అయినా డాలర్లు కూడా చెల్లుతాయి. చిరిగిన డాలరు నోటును మాత్రం అక్కడ ఎవరూ తీసుకోరు. భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు ధరించనివారిని ఆంగ్‌కోర్ వాట్ పై అంతస్తుకు అనుమతించరు. ఆలయాల మధ్య తిరగడానికి టుక్‌టుక్‌లు దొరుకుతాయి. రోజంతటికీ ఒకే బండిని కుదుర్చుకుంటే బేరాల బెడద తప్పుతుంది.

ఆంగ్‌కోర్ వాట్‌ను పన్నెండవ శతాబ్ది పూర్వార్ధంలో రెండవ సూర్యవర్మ విష్ణ్వాలయంగా కట్టించాడు. చుట్టూ 190 మీటర్ల వెడల్పుగల కందకం. దానిని దాటించే రాతిబాట పడమటి దిక్కున ఉంది. ఖ్మేర్ ఆలయాలు సాధారణంగా తూర్పుముఖంగా ఉంటాయి. ఇది పశ్చిమాభిముఖం. అందుకే ఉదయం శిఖరాల వెనుక నుంచి సూర్యుడు పైకి వస్తాడు. ఆ దృశ్యం కోసం తెల్లవారుజామున 5 గంటలకే కొలనుగట్టు మీద వందలాది మంది గుమికూడుతారు. ఆ దృశ్యం చూడదగినదే. అయితే తెలివైన యాత్రికుడు చేయవలసిన పని ఆ తరువాతే మొదలవుతుంది. సూర్యోదయం కాగానే చాలామంది ఫలహారానికి ఊళ్ళోకి తిరిగిపోతారు. ఆ గంట, గంటన్నర కాలంలో మండపాలు నిశ్శబ్దంగా ఉంటాయి. కుడ్యశిల్పాలను చదవడానికి అంతకు మించిన సమయం లేదు.

చదవడం అనే మాట ఇక్కడ అలంకారం కాదు. పడమటి ద్వారం గుండా లోనికి వెళ్ళి కుడివైపుకు తిరగగానే కురుక్షేత్రం ఎదురవుతుంది. దాదాపు 49 మీటర్ల పొడవున ఒకే గోడ మీద ఎడమ నుంచి కౌరవసేన, కుడి నుంచి పాండవసేన కదిలివచ్చి నడుమ ఢీకొంటాయి. క్రింది వరుసలో పదాతులు క్రమశిక్షణతో నడుస్తుంటారు. మధ్యకు వచ్చేసరికి వరుసలు చెదిరి, గుర్రాలు కూలి, దేహాలు కలిసిపోతాయి. ఒకచోట ఒళ్ళంతా బాణాలు గుచ్చుకున్న భీష్ముడు పడి ఉంటాడు. చుట్టూ చేరినవారి ముఖాలలో యుద్ధావేశం లేదు. తిక్కన సోమయాజి భీష్మపర్వాన్ని తెలుగులో రచించింది పదమూడవ శతాబ్దిలో. అంతకు నూరేళ్ళకు ముందే ఈ శిల్పి ఆ ఘట్టాన్ని రాతిలో రచించి ముగించాడు.

అక్కడి నుంచి ఆలయాన్ని ఎడమచేతివైపు ఉంచుకొని ముందుకు సాగాలి. ఇది ప్రదక్షిణకు విరుద్ధమైన దిశ. కథలు ఆ క్రమంలోనే నడుస్తాయి. పశ్చిమాభిముఖత్వాన్నీ ఈ అప్రదక్షిణ క్రమాన్నీ కలిపి చూసి, ఇది రాజు మరణానంతర స్మారకం కూడా అయి ఉండవచ్చునని కొందరు పండితులు ఊహించారు. దక్షిణపు గోడపై సూర్యవర్మ కొలువు, సేనల ఊరేగింపు, ఆపైన స్వర్గనరకాలు. తూర్పు గోడపై క్షీరసాగరమథనం. వాసుకిని ఒకవైపు అసురులు, మరొకవైపు దేవతలు పట్టి లాగుతుంటారు. నడుమ విష్ణువు, ఆయన క్రింద కూర్మం. దేవతల వరుస చివర తోకను పట్టుకొన్న ఒక పెద్ద వానరుడు కనిపిస్తాడు. భాగవతంలో సాగరమథనం చదువుకున్న తెలుగు విద్యార్థికి ఇది ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆ కథలో వానరునికి చోటేదీ? దానిని పొరపాటుగా భావించడం మాత్రం సరికాదు. ఖ్మేర్ దేశంలో రామకథకు ప్రాణం వానరవీరులే. వారు లేనిదే మహాకార్యం పూర్తి కాదని ఆ శిల్పికి అనిపించి ఉండవచ్చు. పూర్తిగా చుట్టి మళ్ళీ పడమటి గోడకు వచ్చేసరికి లంకాయుద్ధం వస్తుంది. హనుమంతుని భుజాలపై నిలిచిన రాముడు, ఇరవై చేతులతో సింహాలు పూన్చిన రథమెక్కిన రావణుడు ఇక్కడి ప్రధాన దృశ్యాలు. పడమటి గోడలపై మధ్యాహ్నం తరువాతే వెలుగు చక్కగా పడుతుంది. వీలైనవారు సాయంత్రం మరొకసారి రావాలి.

రాతిని తాకరాదు. ఇసుకరాయి మెత్తనిది. తరతరాల చేతులు తగిలి అక్కడక్కడ దేవతాస్త్రీల ప్రతిమలు నల్లగా నునుపెక్కాయి. ఒక్క చేయి చేసే హాని కంటికి కనిపించదు, లక్షల చేతులు చేసిన హాని కనిపిస్తూనే ఉంది.

పడమటి ప్రవేశమండపంలో ఎనిమిది చేతుల విష్ణుమూర్తి ఒకటి ఉంది. దానికి నారింజరంగు వస్త్రం కట్టి, అగరువత్తులు వెలిగించి స్థానికులు మొక్కుతుంటారు. వారు ఆ మూర్తిని ‘తా రీచ్’ అంటారు. ‘తా’ అంటే తాత. విష్ణువు ఇక్కడ ఊరిని కాచే పితామహుడయ్యాడు. ఆలయం లోపల బుద్ధవిగ్రహాలున్నాయి. ఇది శిథిలం కాదు, నేటికీ పూజలందుకొనే స్థలం. భిక్షువులు ఎదురైతే చేతులు జోడించి పక్కకు తొలగాలి. స్త్రీలు వారిని తాకకూడదు. పిల్లవాడు ముద్దుగా ఉన్నాడని ఎవరి తలనూ నిమరకూడదు. శిరస్సు వారికి పవిత్రస్థానం. కృతజ్ఞతగా ‘ఓర్ కున్’ అంటే సంతోషిస్తారు. అందులోని ‘కున్’ సంస్కృత ‘గుణ’మే.

ఇటువంటి మాటలు అక్కడ అడుగడుగునా వినిపిస్తాయి. చైత్రం వారికి ‘చేత్’, వైశాఖం ‘పిసాఖ్’. స్త్రీ ‘స్రెయ్’. లిపి కూడా దక్షిణ భారతపు పల్లవ లిపి సంతతిదే. తెలుగులో వలెనే హల్లు క్రింద ఒత్తు ఉంటుంది, అక్షరం నెత్తిన తలకట్టు ఉంటుంది. దానిని వారు వెంట్రుకలు అనే అర్థమిచ్చే మాటతో పిలుస్తారు. దుకాణాల పేర్లను చూస్తూ నడవడం కూడా భాషాభిమానికి ఒక వినోదమే.

ఏడవ జయవర్మ పన్నెండవ శతాబ్ది చివర నిర్మించిన ఆంగ్‌కోర్ థామ్ నగరం నడుమ బాయన్ ఆలయం ఉంది. దాని గోపురాలపై నాలుగు దిక్కులా చిరునవ్వు చిందించే మహాముఖాలు ప్రసిద్ధం. అయితే బయటి గోడలపై చెక్కిన సామాన్యుల జీవితాన్ని చాలామంది చూడకుండానే వెళ్ళిపోతారు. వంటలు, సంతలు, చేపలవేట, కోడిపందెం అన్నీ అక్కడ ఉన్నాయి. తా ప్రోమ్ ఆలయాన్ని మహావృక్షాల వేళ్ళు పెనవేసుకొన్నాయి. 2001లో విడుదలైన ఒక హాలీవుడ్ చిత్రం తరువాత అక్కడ రద్దీ విపరీతమైంది. భారత పురావస్తు శాఖ ఖ్మేర్ అధికారులతో కలిసి ఇక్కడ పరిరక్షణ కార్యం నిర్వహించింది. అంతకు ముందు, దేశం ఇంకా అంతర్యుద్ధంలో ఉన్నప్పుడే, 1986 నుంచి 1993 వరకు ఆంగ్‌కోర్ వాట్‌లో కూడా ఆ శాఖ పనిచేసింది. గర్వించదగిన సంబంధం వెతుక్కోదలచినవారికి ఇది చాలు.

రెండవ రోజును బంటెయ్ స్రెయ్‌కు కేటాయించాలి. ఊరికి దాదాపు 35 కిలోమీటర్ల దూరం. క్రీ.శ. 967లో ప్రతిష్ఠ జరిగిన ఈ శివాలయాన్ని కట్టించినది రాజు కాదు, యజ్ఞవరాహుడనే ఆస్థానపండితుడు. గులాబివన్నె ఇసుకరాయి, మనిషి వంగి దూరవలసినంత చిన్న ద్వారాలు, దంతపు పనివలె సూక్ష్మమైన చెక్కడం దీని ప్రత్యేకతలు. ఒక పంచరపు నుదుట ఖాండవదహన ఘట్టం ఉంది. పైన ఐరావతంపై ఇంద్రుడు వాన కురిపిస్తుంటాడు. ఆ ధారలను అడ్డుకొంటూ అర్జునుని బాణాలు పందిరిలా పరచుకొంటాయి. క్రింద అడవిలో మృగాలు, పక్షులు కలవరపడుతుంటాయి. నన్నయ ఆదిపర్వం ఈ ఖాండవదహనంతోనే ముగుస్తుంది. రాజరాజనరేంద్రుని కొలువులో ఆయన కలం పట్టేనాటికి ఈ శిల్పం వయస్సు అర్ధశతాబ్దికి పైమాటే. ఆదిపర్వాన్ని చదువుకొని వచ్చినవారు ఈ ఒక్క రాతి ముందు అరగంట కూర్చోవచ్చు. చదువుకోనివారు వచ్చేముందు చదువుకోవాలి. ఏ మార్గదర్శక పుస్తకమూ ఇవ్వలేని సలహా ఇది. ఉదయం తలుపులు తీసిన వెంటనే చేరుకుంటే ఎండ ఏటవాలుగా పడి చెక్కడపు లోతు తెలుస్తుంది.

తిరుగుదారిలో కనిపించే పల్లెలు మరొక చరిత్రను చెబుతాయి. 1975 నుంచి 1979 వరకు సాగిన ఖ్మేర్ రూజ్ పాలనలో దాదాపు 17 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ తరువాత కూడా 1998 వరకు అంతర్యుద్ధం రగులుతూనే ఉంది. నాటి మందుపాతరలు దేశంలో ఇంకా పూర్తిగా తొలగిపోలేదు. మారుమూల ఆలయాలకు వెళ్ళేవారు నడచిన బాటను వదలి అడవిలోకి పోరాదు. ఆలయాల వద్ద చిన్నపిల్లలు గాజులు, చిత్రపటాలు అమ్ముతూ వెంటపడతారు. జాలిపడి కొనడం వారిని బడికి దూరం చేయడమే అవుతుంది. కొనదలచుకుంటే పెద్దల అంగళ్ళలో కొనాలి. అనాథాశ్రమాలను చూడదగిన స్థలాలుగా ఎవరైనా చూపబోతే నిరాకరించాలి. పిల్లలు ప్రదర్శనకు పెట్టే వస్తువులు కారు.

భోజనం విషయంలో శాకాహారులకు కొంత ఇబ్బంది తప్పదు. మాంసం లేని కూరలో కూడా చేపల నుంచి తీసిన ద్రవం గానీ, ఊరవేసిన చేపముద్ద గానీ కలుపుతారు. వద్దని స్పష్టంగా చెప్పాలి. అన్నం, అరటిపండ్లు, కొబ్బరినీళ్ళు ఎక్కడైనా లభిస్తాయి. భారతీయ భోజనశాలలు కూడా ఊళ్ళో ఉన్నాయి. సాయంకాలం విద్యుద్దీపాలతో మెరిసే విహారవీధి గురించి ప్రత్యేకించి చెప్పనక్కరలేదు, అది ఎలాగూ యాత్రికుని వెతుక్కొంటూ వస్తుంది.

మూడవ రోజు నీటికి చెందినది. ఖ్మేర్ రాజులు ఆలయాలతో పాటు ‘బరాయ్’ అనే మహాతటాకాలను తవ్వించారు. వాటిలో పడమటి బరాయ్ దాదాపు 8 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల వెడల్పు గలది. ఏడవ జయవర్మకు సమకాలికులైన కాకతీయులు ఓరుగల్లు సీమను చెరువులతో నింపిన సంగతి ఎరిగినవారికి ఈ గట్టు మీద నిలబడితే పరాయితనం తోచదు. అక్కడి నుంచి టోన్లే సాప్‌కు వెళ్ళాలి. వానకాలంలో మెకాంగ్ నది ఉప్పొంగి తన ఉపనదిని వెనుకకు నెట్టడంతో నీరు ఎదురు ప్రవహించి ఈ సరస్సులో చేరుతుంది. వేసవిలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లుండే సరస్సు అప్పుడు ఐదారింతలవుతుంది. అందుకే ఒడ్డున కంపాంగ్ ప్లూక్ వంటి గ్రామాలలో ఇళ్ళను ఎత్తైన కొయ్యల మీద కట్టుకున్నారు. వేసవిలో వెళ్ళినవారు ఆ కొయ్యల క్రింద నడుస్తారు, అక్టోబరులో వెళ్ళినవారు అదే వీధిలో పడవ మీద పోతారు. పడవ ఎక్కేముందు రుసుము ఎంతో, అందులో ఏమేమి కలిసి ఉన్నాయో అడిగి తెలుసుకోవాలి. ఇళ్ళ లోపలికి కెమెరా తిప్పేముందు ఇంటివారి అనుమతి కోరాలి.