కుక్క కంటే ముందు కాగితం రావాలి

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మా బావ ఆర్మీలో పనిచేస్తూ పంజాబ్‌లో ఉన్నాడు. అక్కడి పల్లెల్లో గ్రేహౌండ్ కుక్కలకు పరుగు పందేలు పెడతారట. కాలు దెబ్బతిని పందేలకు పనికిరాని మూడేళ్ల ఆడకుక్కను ఊరికే ఇచ్చేస్తామంటున్నారని, తెచ్చి మాకిస్తానంటున్నాడు. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ కుక్కను పెంచలేదు. అద్దె ఫ్లాట్‌లో, రెండో అంతస్తులో ఉంటున్నాం. ఎవరి అనుమతి తీసుకోవాలి? రేపు ఎవరినైనా కరిస్తే మా మీద కేసు అవుతుందా? అంత దూరం నుంచి రైల్లో తేవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: మన జిల్లాలో గ్రేహౌండ్స్ అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది నక్సలైట్లను ఎదుర్కోవడానికి 1989లో పెట్టిన పోలీసు దళం. ఇంటికి గ్రేహౌండ్ వస్తోందని చెబితే వీధిలో నాలుగు జోకులు పడతాయి, సిద్ధంగా ఉండండి. అసలు కుక్క మాత్రం మనవైపు అరుదు. పొడుగు కాళ్లు, లోతైన ఛాతీ, పిడికెడు నడుము. పరుగందుకుంటే గంటకు అరవై కిలోమీటర్లు దాటుతుంది. పరుగు లేనప్పుడు రోజులో ఎక్కువ భాగం నిద్రే. మొదటిసారి కుక్కను పెంచేవాళ్లకు స్వభావరీత్యా ఇది చెడ్డ ఎంపికేం కాదు. చిక్కులన్నీ వేరేచోట ఉన్నాయి.

మీరు అడగని ప్రశ్నతో మొదలుపెడతాను. ఈ కుక్క ఎవరిది? పిల్లల దత్తతకు ఉన్నట్టు కుక్కల దత్తతకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. చట్టం దృష్టిలో కుక్క చరాస్తి. ఆస్తి బదిలీ చట్టం–1882, సెక్షన్ 123 ప్రకారం చరాస్తిని దానమివ్వడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చేతికి అప్పగిస్తే చాలు. కాబట్టి మీ బావగారి చేతిలో తాడు పెట్టిన క్షణంలోనే దానం పూర్తవుతుంది. కానీ దాన్ని రుజువు చేసేదేమిటి? కాలు బాగుపడి కుక్క మళ్లీ పరుగందుకుంటే, ఇచ్చినవాళ్లే ‘నాలుగు రోజులు ఉంచుకోమన్నాం గానీ ఇచ్చెయ్యలేదు’ అంటే ఏం చేస్తారు? తెల్ల కాగితం మీదైనా సరే, దానమిచ్చినట్టు సంతకంతో రాయించుకోమనండి. ఇచ్చినవారి పేరు, చిరునామా, కుక్క రంగు, గుర్తులు, మైక్రోచిప్ ఉంటే దాని నంబరు, రేబిస్ టీకా తేదీలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందో లేదో, ఇంతకుముందు ఎవరినైనా కరిచిందా అన్నది, మళ్లీ వెనక్కి అడగబోమన్న మాట అందులో ఉండాలి. కుక్కను పక్కన నిలబెట్టుకుని ఒక ఫోటో కూడా తీసుకోమనండి.

ఈ కాగితం మీ హక్కు కోసం. బాధ్యతకు కాగితంతో పనిలేదు. జంతు హింస నివారణ చట్టం–1960లో ‘యజమాని’ అంటే కొన్నవాడే కాదు, ప్రస్తుతానికి జంతువు ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లు కూడా. సెక్షన్ 3 కూడా జంతువు ఎవరి సంరక్షణలో ఉందో వారి మీదే బాధ్యత పెడుతుంది. ‘అది మా బావ కుక్కండీ, నేను ఊరికే చూసుకుంటున్నాను’ అన్న మాట ఏ పోలీస్ స్టేషన్‌లోనూ చెల్లదు.

ఇక అనుమతులు. కుక్కను తెచ్చిన వెంటనే నగరపాలక సంస్థ కార్యాలయంలో పెంపుడు కుక్క లైసెన్సు అడగండి. ఊళ్లలో అయితే పంచాయతీ. రేబిస్ టీకా పుస్తకం లేకుండా వెళ్లొద్దు. టీకా వేయించడం, నులిపురుగుల మందు పట్టించడం, సంతాన నియంత్రణ ఆపరేషన్ చేయించడం పెంపుడు కుక్కల విషయంలో యజమాని బాధ్యతేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. ఆపరేషన్ అవలేదంటే మాత్రం, చేసే డాక్టరుగారికి ఇది గ్రేహౌండ్ అని ముందే చెప్పండి. ఒంట్లో కొవ్వు తక్కువ కావడంతో కొన్ని రకాల మత్తుమందుల నుంచి ఈ జాతి చాలా ఆలస్యంగా కోలుకుంటుంది. మనకు దగ్గర్లో గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, సందేహం ఉంటే అక్కడ అడగవచ్చు.

‘ప్రమాదకర జాతి’ అని ఎవరైనా అడ్డుపడితే కంగారు పడొద్దు. 23 రకాల కుక్కలకు లైసెన్సులివ్వొద్దని కేంద్రం 2024 మార్చి 12న రాష్ట్రాలకు లేఖ రాసిన మాట నిజమే. ఆ జాబితాలో గ్రేహౌండ్ లేదు. పైగా ఆ లేఖనే కర్ణాటక హైకోర్టు 2024 ఏప్రిల్‌లో కొట్టేసింది.

ఫ్లాట్ సంగతి రెండు ముక్కలు. అపార్టుమెంటు సంఘం ‘కుక్కలు వద్దు’ అని తీర్మానం చేసుకున్నంత మాత్రాన అది చట్టం కాదు. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం సంఘాలకు లేదనీ, లిఫ్టు వాడుకోనివ్వకపోవడం కుదరదనీ భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. 2021 ఆగస్టులో కేరళ హైకోర్టు కూడా అలాంటి బైలాలు చెల్లవంది. ఆ తీర్పు మన రాష్ట్రంలో తప్పక పాటించాల్సింది కాకపోయినా, వాదనకు గట్టి ఆధారం. ఇంటి ఓనరు విషయం అలా కాదు. అద్దె ఒప్పందం మీ ఇద్దరి మధ్య జరిగింది. అందులో జంతువులు వద్దని రాసి ఉండి, మీరు సంతకం పెట్టి ఉంటే, బోర్డు మార్గదర్శకాలు పట్టుకుని పోట్లాడితే నెగ్గుతారని నేను భరోసా ఇవ్వను. ముందే అడిగి, వాట్సాప్‌లోనైనా సరే, ఒప్పుకున్నట్టు ఒక మాట రాయించుకోండి.

కరవడం గురించి మీ భయం సహజమే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 ప్రకారం, తన స్వాధీనంలో ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పో, తీవ్ర గాయమో కలిగే అవకాశం ఉన్నప్పుడు తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇక్కడా ‘స్వాధీనం’ అన్న మాటే. నష్టపరిహారానికి సివిల్ దావా వేరుగా వేయవచ్చు. కుక్క అదేపనిగా జనం మీద పడుతోందని ఫిర్యాదు వెళ్తే, దాన్ని కట్టడి చేయమనో, అక్కడి నుంచి తీసెయ్యమనో ఆదేశించే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు ఉంది.

కోర్టు చూసేది ఒక్కటే, మీరు జాగ్రత్త తీసుకున్నారా లేదా అని. ఇక్కడ గ్రేహౌండ్‌కు ఒక విచిత్రం ఉంది. దాని తల మెడకంటే సన్నం. మామూలు పట్టీ వేస్తే వెనక్కి ఒక్క గుంజు గుంజి తల బయటకు లాగేసుకుంటుంది. దీనికి మార్టింగేల్ అనే పట్టీ దొరుకుతుంది, లాగినప్పుడు కాస్త బిగుస్తుంది, ఊపిరి ఆడకుండా చేయదు. ఇంతకీ న్యాయ సలహాలో పట్టీ గోల ఎందుకంటారేమో. జాతీయ రహదారి 16 పక్కన పట్టీ జారి కుక్క రోడ్డు మీదికి దూకి, బైకు మీదవాళ్లు పడితే, సరైన పట్టీ వేశారా అన్నదే మీ కేసు మొత్తం. తాడు లేకుండా వదలడం అన్నది మాత్రం ఎప్పుడూ వద్దు, ఎంత బుద్ధిగా కనబడినా సరే.

ఎవరినైనా కరిచిందంటే వాదనకు దిగకండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగించి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. రేబిస్ టీకా అక్కడ ఉచితం. మీ కుక్క టీకా పుస్తకం డాక్టరుకు చూపండి. అదే పుస్తకం రేపు మీకు సాక్ష్యం కూడా.

ఇప్పుడు గ్రేహౌండ్‌తోనే వచ్చే అసలు చిక్కు. వాసన పట్టి వెతికే రకం కాదిది, కదిలేది కంటబడితే వెంటపడే జాగిలం. ఉద్దానం జీడితోటల్లో మీ చుట్టాలుంటే, పండక్కి వెళ్లినప్పుడు కుర్రాళ్లు ‘మావా, ఒక్కసారి వదులు, కుందేలు పడుతుందేమో చూద్దాం’ అనక మానరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972లో వేట అంటే తుపాకీ, ఉచ్చు ఒక్కటే కాదు. కుక్కలతో తరిమించడమూ, అలా చేయబోవడమూ వేట కిందే లెక్క. కుందేలు దొరక్కపోయినా నేరం జరిగినట్టే. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఏజెన్సీలో ఇటుకల పండగ వేటను తలచుకుని ‘అది ఆచారం కదా’ అంటారు కొందరు. అటవీ హక్కుల చట్టం–2006 కూడా సంప్రదాయ హక్కుల నుంచి వేటను స్పష్టంగా మినహాయించింది.

పందేల విషయమూ అంతే. కుక్కను ఉసిగొల్పడానికి కట్టేసిన ప్రాణిని ఎరగా పెట్టడం జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద నేరం. అదే సెక్షన్ కింద, తిండి నీళ్లు సరిగా పెట్టకపోవడం, పొట్టి గొలుసుతో గంటలతరబడి కట్టెయ్యడం, కట్టే ఉంచే కుక్కను నడిపించకపోవడం కూడా నేరాలే. జరిమానా ఎంతో తెలుసా? మొదటిసారికి పది నుంచి యాభై రూపాయలు. దశాబ్దాల కిందట రాసిన అంకె ఇంకా అలాగే ఉంది. చట్టం మారాల్సిన చోటుందంటే ఇదే అంటాను నేను. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే మాత్రం మూడు నెలల జైలు దాకా వెళ్తుంది.

తుపాను మాట కూడా చెప్పాలి, మన జిల్లాలో ఉంటున్నాం కాబట్టి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన రాత్రిని మరిచిపోయినవాళ్లు లేరు. ఖాళీ చేసి వెళ్లాల్సి వస్తే కుక్కను కట్టేసి వదిలిపోవడం, ఆకలిదప్పులతో బాధపడేలా విడిచిపెట్టడమనే నేరం కిందికి రావచ్చు. ఎవరింట్లో పెట్టాలో ముందే మాట్లాడి ఉంచుకోండి. వెంట్రుకలు పలుచన, కొవ్వు లేని ఒళ్లు కాబట్టి తడిసినా, ఎండలో ఉన్నా ఈ కుక్క తొందరగా కుదేలవుతుంది.

మీ హక్కులూ చెప్పాలి కదా. మీ కుక్కకు ఎవరైనా విషం పెట్టినా, కొట్టి చంపినా, అవిటిదాన్ని చేసినా న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల వరకు జైలు. ప్రభుత్వ పశువైద్యుడితో పోస్టుమార్టం చేయించకుండా పూడ్చిపెట్టొద్దు, ఆ నివేదిక లేకపోతే కేసు నిలబడదు. ఎత్తుకుపోతే అది దొంగతనమే, అప్పుడు ఆ దానపు కాగితం, ఫోటో, చిప్ నంబరు పనికొస్తాయి. ఊరికే కాకుండా డబ్బిచ్చి పెంపకందారు దగ్గర కొని, జబ్బు కుక్కను అంటగట్టారని తేలితే, రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. శ్రీకాకుళంలోనూ, విజయనగరంలోనూ కమిషన్లున్నాయి. అమ్మినవాడు పంజాబ్‌లో ఉన్నా, మీరు ఉంటున్న చోటే ఫిర్యాదు చేసుకోవచ్చు. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. ఫోన్ 15100. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితం.

ఒకవేళ ఇదంతా విన్నాక పంజాబ్ కుక్క మోజు తగ్గితే, ఇంకో దారి ఉంది. వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వుల్లో, కావాలనుకున్నవాళ్లు మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టి వీధికుక్కను దత్తత తీసుకోవచ్చంది. ఒక షరతు: తీసుకున్నాక అది మళ్లీ వీధినపడకూడదు. విశాఖలో 1996 నుంచి పనిచేస్తున్న వీఎస్‌పీసీఏ అనే జంతు సంక్షేమ సంస్థ దగ్గరా దత్తతకు కుక్కలుంటాయి. సన్నగా, చురుగ్గా ఉండే వేటకుక్కే కావాలంటే కొల్లేరు వైపు మన సొంత జోనంగి ఉంది, మన ఎండకు పుట్టిన కుక్క.

ఇక రైలు. తేవచ్చు. ఫస్ట్ ఏసీలో కూపేనో, క్యాబినో మొత్తం మీ పేరనే ఉంటే కుక్కను మీతో కూర్చోబెట్టుకోవచ్చు. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లలో కుదరదు. మరో దారి గార్డు బ్రేక్ వ్యాన్‌లోని కుక్కల పెట్టె, దానికి స్టేషన్‌లోని పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి. ఎలా తెచ్చినా, ప్రయాణానికి కుక్క ఆరోగ్యం సరిపోతుందని పశువైద్యుడిచ్చిన సర్టిఫికెట్ వెంట ఉండాలి. 1978 జంతు రవాణా నిబంధనల ప్రకారం అది లేకపోతే ఎక్కించుకోవడానికి నిరాకరించాలి. అమృత్‌సర్ నుంచి విజయనగరం మీదుగా విశాఖకు హీరాకుడ్ ఎక్స్‌ప్రెస్ ఉంది. ప్రయాణం ఒకటిన్నర రోజు పైమాటే. వేసవిలో అంతసేపు ఆ ఇనుప పెట్టెలో గ్రేహౌండ్‌ను పెట్టడానికి చట్టం అడ్డు చెప్పకపోయినా, నేను చెప్తాను. కూపే దొరక్కపోతే, మీ బావగారిని చలికాలం సెలవులకు తెమ్మనండి. ఈలోగా మీ ఓనరుతో ఆ ఒక్క మాటా రాయించుకోండి.