మద్యపాన వ్యసనము - గృహహీనత - పొరుగువారి పూనిక

విద్యార్థులారా, చిత్తూరు సీమవారికి మద్యపానమును గూర్చిన చర్చ క్రొత్తది కాదు. 1937వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన, నాటి చెన్నపురి రాజధాని ప్రధానమంత్రి చక్రవర్తి రాజగోపాలాచారిగారు సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించిరి. మరుసటి యేడు, 1938లో, ఆ నిషేధము చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపబడెను. తెలుగు జిల్లాలలో ఆ శాసనమువలన కల్లు, సారాయి దుకాణములు మొట్టమొదట మూతపడినది ఈ రెండింటియందే. ఖజానాకు కలిగిన నష్టమును పూరించుటకై 1939లో అమ్మకపు పన్ను విధింపబడెను. పిమ్మట యుద్ధకాలమున నిషేధము సడలిపోయెను. 1946లో మరల మొదలై, 1948 అక్టోబరు 2వ తేదీనుండి రాజధాని యంతటను అమలులోనికి వచ్చెను. కొంతకాలమునకు అదియు సడలెను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరదీపము తరగతులలో చదువు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాయి దుకాణమునకు ఎదురు నిలిచిరి. ఆ ఉద్యమము చిత్తూరు మొదలగు జిల్లాలకు వ్యాపించెను. 1993లో సారాయి నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అదియు తొలగింపబడెను. ఒక మనుష్యుని జీవితకాలములో దుకాణము ఇన్నిమారులు మూయబడి, ఇన్నిమారులు తెరవబడినది.

శాసనము వ్యర్థమని మా అభిప్రాయము కాదు. దుకాణము మూతపడిన నాడు ఎన్ని ఇండ్ల పొయ్యిలు వెలిగెనో పెద్దలు ఎరుగుదురు. కాని శాసనము దుకాణమును మాత్రమే చూడగలదు. పదియేండ్లు త్రాగి, కూలి పోగొట్టుకొని, ఇల్లు వీడి, తిరుపతి రైలు స్టేషను వెలుపల పరుండిన మనుష్యుడు ఆ రాత్రి ఏమి కావలెను? అతనిని నిలువబెట్టుట ఎవరి పని? ఈ పాఠమున మేము విచారింపదలచినది ఈ ప్రశ్ననే.

1. వ్యసనము ఎట్టిది?

వ్యసనమును కేవలము చెడునడతయని తలంచువారు పెక్కండ్రు. "మనసుంటే మానలేడా?" అని యందురు. శరీరశాస్త్రము చెప్పునది వేరు. మద్యము మెదడును మందగింపజేయును. ప్రతిదినము త్రాగువాని మెదడు ఆ మాంద్యమునకు ఎదురొడ్డి, తన్ను తాను ఎక్కువగా ప్రేరేపించుకొనుట నేర్చును. మన సీమలో పూర్వము కపిల తోలెడివారు. నీటి బరువునకు ఎదురుగా ఎద్దులు బలమంతయు పెట్టి లాగుచుండును. నడుమ మోకు తెగినచో ఆ ఎద్దులు ముందునకు తూలి పడును. మద్యము అకస్మాత్తుగా మానిన మెదడు గతియు అట్టిదే. ఎదురు బరువు పోయినది, లాగుడు మిగిలినది.

కావుననే మానిన కొన్ని గంటలకు చేతులు వణకును, చెమట పోయును, నిద్ర రాదు. మొదటి రెండు దినములలో కొందరికి ఫిట్సు వచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినమువరకు కొందరికి మతి చలించి, లేని పురుగులును మనుష్యులును కనబడుదురు. ఈ స్థితి ప్రాణాపాయకరము. బహుకాలము విస్తారముగా త్రాగినవానిని గదిలో పెట్టి తాళము వేసి మాన్పింపజూచుట మిక్కిలి ప్రమాదమని ప్రతి కుటుంబమును తెలిసికొనవలెను. వైద్యులు ఈ దినములలో వణకును అణచు మందులను, బి-1 విటమినును ఇచ్చి కాపాడుదురు. మన దేశములో 2017 సంవత్సరపు మానసిక ఆరోగ్య రక్షణ చట్టము మద్యమువలన కలుగు మానసిక స్థితులను వ్యాధులలో చేర్చినది. ఇట్టి రోగికి ప్రభుత్వ వైద్యశాలలో చికిత్స పొందు హక్కు కలదు.

అయినను ఆ తలుపు తట్టువారు ఎందరు? కేంద్ర ప్రభుత్వము 2019లో ప్రకటించిన దేశవ్యాప్త సర్వే ప్రకారము, మద్యమునకు బానిసలైన 38 మందిలో ఒక్కడు మాత్రమే ఏదో యొక సహాయము పొందినట్లు తెలిపెను. తక్కిన 37 మందిని ఆపినది మందుల కొరత మాత్రమే కాదు. సిగ్గును, ఒంటరితనమును కూడ కొంత కారణములు.

2. ఇల్లు పోవు విధము

ఇల్లు ఒక్కనాటిలో పోదు. ఉదాహరణకై ఒక మేస్త్రీపనివానిని ఊహించుకొందము. మొదట శనివారపు కూలిలో సగము దుకాణమునకు పోవును. పిదప సోమవారము పనికి రాడు. మేస్త్రీ బయానా ఇచ్చుట మానును. అప్పు పెరుగును, ఇంటి అద్దె నిలుచును. భార్య బిడ్డలను తీసికొని పుట్టింటికి పోవును. అన్నదమ్ములు పండుగకు పిలువరు. తుదకు అతడు ఎవరును తన్ను గుర్తింపని పట్టణమునకు బస్సెక్కును.

మన ప్రాంతమున ఆ పట్టణము తరచుగా తిరుపతియే. కారణము స్పష్టము. యాత్రికుల గుంపులో క్రొత్తవానిని ఎవరును ప్రశ్నింపరు. తిరుమలలో దేవస్థానమువారి నిత్యాన్నదానము 1985 నుండి జరుగుచున్నది. మూటలు మోయుట, పాత్రలు కడుగుట వంటి దినకూలి పని దొరకును. ఆకలి తీరును, కాని చిరునామా ఉండదు. చిరునామా లేనివానికి రేషను కార్డు దొరకుట కష్టము. చేతనున్న కాగితములు వానలో తడియును, లేదా దొంగలపాలగును. 2021 నవంబరులో తిరుపతి వీధులను ముంచిన వరదను మీలో పలువురు ఎరుగుదురు. ఇల్లున్నవారికే అది కష్టకాలము. అరుగుమీద నిద్రించువాని మాట చెప్పనక్కరలేదు.

అతడు చలికి ఓర్వలేక త్రాగుచున్నానని చెప్పును. మద్యము చర్మపు రక్తనాళములను వెడల్పు చేయును. అందుచే వెచ్చదనము తోచును. నిజమునకు లోపలి వేడి బయటకు పోయి శరీరము మరింత చల్లబడును. ఈ విధముగా త్రాగుడు ఇంటిని పోగొట్టును, ఇల్లు లేమి త్రాగుడును పెంచును. చుట్టు తిరుగుచున్న ఈ చక్రమును ఒంటరిగా ఆపగలవారు అరుదు.

3. మరల నిలుచు విధము

అట్టివాడు నిలుచుటకు నాలుగు ఊతలు కావలెను: వైద్యము, నీడ, పని, తోడు. వీనిలో ఏ యొక్కటియు తక్కిన మూడింటికి బదులు కానేరదు.

వైద్యము. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలకు చేరిన రుయా ఆసుపత్రియందు మానసిక వైద్య విభాగము కలదు. చిత్తూరునకు దాపుననున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారి మానసిక ఆరోగ్య కేంద్రము 1957లో స్థాపింపబడినది. ఆ కేంద్రమున రోగితోపాటు కుటుంబములోని వారొకరు ఉండవలెనను పద్ధతి కలదు. ఇంటివారు రోగస్వభావమును నేర్చుకొని, తిరిగివచ్చిన పిదప ఏమి చేయవలెనో ఎరుగుదురు. చెన్నపట్టణమున శ్రీమతి శాంతి రంగనాథన్‌గారు మద్యమువలన భర్తను కోల్పోయి, ఆ దుఃఖమును సేవగా మార్చి 1980లో వ్యసన చికిత్సాలయమును స్థాపించిరి. ఆ సంస్థవారు పట్టణమునకు రాలేని పల్లెవారికొరకు తమిళనాడులోని మంజక్కుడి గ్రామమునకే పోయి చికిత్సా శిబిరములు నడిపిరి. వచ్చిన వైద్యులు వెడలిపోవుదురు, ఊరు నిలిచియుండును. కావున పల్లెలో చేసిన వైద్యమునకు ఊరివారే కాపలాదారులగుదురు.

నీడ. "ముందు మానుము, పిదప ఇల్లు చూతము" అనుట లోకరీతి. 1992లో అమెరికాలోని న్యూయార్కు నగరమున ఈ క్రమమును తలక్రిందులు చేసి, వీథులలోనివారికి ముందుగానే ఇల్లిచ్చు ప్రయత్నము ఆరంభమాయెను. 2008 నుండి ఫిన్లాండు దేశము దానిని జాతీయ విధానముగా స్వీకరింపగా, ఆ దేశమున గృహహీనుల సంఖ్య చాల తగ్గినది. ఇల్లు దొరకిన మాత్రమున త్రాగుడు తనంతట మానదని అక్కడి పరిశోధనలే తెలుపుచున్నవి. కాని ఇల్లు దొరకినవారిలో అధికులు దానిని నిలుపుకొనిరి. ఉన్నచోటు తెలిసినవానిని మాత్రమే వైద్యుడు మరల చూడగలడు, అన్నదమ్ముడు వెదకి పట్టుకొనగలడు. నీడయొక్క విలువ అది. మన దేశమునను 2010లో సుప్రీము కోర్టువారు పట్టణములలో గృహహీనులకు దినరాత్రములు తెరచియుండు వసతిగృహములు నెలకొల్పవలెనని ఆదేశించిరి. 2013 నాటి జాతీయ పట్టణ జీవనోపాధి పథకపు నియమముల ప్రకారము, లక్ష జనాభాకు కనీసము నూరుగురు ఉండదగిన వసతిగృహ మొకటి ఉండవలెను.

పని. ఖాళీ చేతులకు సాయంకాలము మిక్కిలి దీర్ఘము. చికిత్సనుండి వచ్చినవానికి మొదట తేలిక పనియు, సక్రమమైన వేళలును కావలెను. కొన్ని నెలలు కూలి డబ్బును భార్య చేతికో, తల్లి చేతికో ఇచ్చుటకు అతడే సమ్మతించుట మేలు. మన పల్లెలలోని పొదుపు సంఘముల స్త్రీలు ఈ విషయమున చాల చేయగలరు. అప్పు తీర్చుటకు కంతులు కట్టించి, ఇంటిని నిలుపగలరు.

తోడు. 1935లో అమెరికాలోని ఆక్రన్ అను పట్టణమున బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారియు, బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడును కలిసికొనిరి. ఇద్దరును త్రాగుడుచే చెడినవారే. ఒకరి కష్టమును ఒకరు వినుటవలన, త్రాగక నిలుచుట సాధ్యమని కనుగొనిరి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము ఆ విధముగా పుట్టినది. అందు రుసుము లేదు, పేరు వెల్లడి లేదు. చేరుటకు త్రాగుడు మానవలెనను కోరికయే చాలును. "ఈ దినము త్రాగను" అని ఒక్కొక్క దినమునకే పూనుకొందురు. ఈ సంఘము నేడు లోకమున అనేక దేశములలోను, మన దేశములోను పనిచేయుచున్నది.

4. మరల తప్పినవాని మాట

ఆరు మాసములు నిలిచి, ఏ జాతరనాడో, ఏ చావు ఇంటనో మరల త్రాగినవానిని చూచి, "వీడింతే" అని చేయి విడుచుట సర్వసాధారణము. మధుమేహ రోగి ఒకనాడు మిఠాయి తిని చక్కెర పెంచుకొనినచో వైద్యుడు మందు మాన్పించునా? చూపు మరింత జాగ్రత్తగా పెట్టును. వ్యసనమునందును అట్లే. మరల తప్పుట ఈ రోగములో తరచుగా సంభవించును. ఆ దినమున అతనికి మొదట ఎదురుపడినవాడు ఏమి పలికెననుదానిపై అతని తరువాతి సంవత్సరము ఆధారపడియుండవచ్చును. అయితే ఓర్పునకు హద్దు లేదని మేము చెప్పుట లేదు. ఇంట భార్యాబిడ్డలపై చేయి చేసికొనువానినుండి వారిని మొదట కాపాడవలెను. వారికి వేరుచోటు చూపుటయు పొరుగువారి ధర్మమే.

5. బాలబాలికలు చేయదగినది

మీలో కొందరి ఇండ్లలో ఈ కష్టము ఉండవచ్చును. వారికి మేము చెప్పు మొదటి మాట ఇది: తండ్రి త్రాగుట మీ దోషము కాదు, దానిని మాన్పించు భారమును మీది కాదు. నమ్మదగిన పెద్దవారొకరితో, ఉపాధ్యాయునితోనైనను సరే, విషయము చెప్పుట ఇంటి గుట్టు బయటపెట్టుట కాదు. 14446 అను జాతీయ వ్యసన విముక్తి సహాయ సంఖ్యకును, 14416 అను మానసిక ఆరోగ్య సహాయ సంఖ్యకును ఫోను చేసిన సలహా దొరకును.

తక్కినవారు చేయవలసినది ఇంకొకటి కలదు. "తాగుబోతు కొడుకు" అను మాట మన ఆటస్థలమున వినబడరాదు. ఆ మాటకు భయపడియే బిడ్డలు బడి మానుదురు, తల్లులు వైద్యశాలకు పోక దాచుదురు. వీథిలో పడియున్నవాడు కనబడినపుడు నవ్వుచు చుట్టు మూగరాదు. అతడు లేవక, ఊపిరి కష్టముగా తీయుచున్నచో ప్రక్కకు ఒత్తిగిలజేసి, పెద్దవారిని పిలిచి, 108 బండికి కబురు చేయవలెను.

ప్రశ్నలు

1. బహుకాలముగా త్రాగుచున్నవాడు వైద్యుని సహాయము లేక హఠాత్తుగా మానుట ఏల ప్రమాదకరము? కపిల ఉపమానముతో వివరింపుడు.
2. చిత్తూరు జిల్లాలో మద్యనిషేధము మొదట ఎప్పుడు వచ్చెను? శాసనము చేయగలదేమి, చేయలేనిదేమి?
3. వైద్యము, నీడ, పని, తోడు - వీనిలో మీ ఊరిలో ఉన్నవేవి, లేనివేవి?
4. మీ పట్టణమున గృహహీనుల వసతిగృహము ఎక్కడ కలదో పురపాలక కార్యాలయమున విచారించి, సెలవుల పిమ్మట తరగతిలో చెప్పుడు.