సమానమను మాటకు అర్థమేమి?

సమానమనగా నేమని మేము తరగతిలో అడిగినప్పుడు, పిల్లలు త్రాసును తలచుకొని, రెండు తట్టలును ఒకే యెత్తున నిలుచుటయే సమానమని చెప్పుదురు. వస్తువుల విషయమున ఆ యుత్తరము సరియైనదే. మనుష్యుల విషయమున నది చాలునా? అమెరికా దేశపు న్యాయస్థానములకు ఈ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పుటకు నూఱేండ్లకు పైగా పట్టెను. ఆ చరిత్రము విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగించునని తలచి యిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

బోస్టను నగరములో శారా రాబర్ట్సు అను నైదేండ్ల నల్లజాతి బాలిక యుండెను. ఆమె తన బడికి పోవు త్రోవలో తెల్లవారి బడులు అయిదింటిని దాటిపోవలసి యుండెను. తండ్రి నగరముపై వ్యాజ్యెము వేసెను. 1849వ సంవత్సరమున చార్లెసు సమ్నరు అను ప్రసిద్ధ న్యాయవాది, రాబర్టు మారిసు అను నల్లజాతి న్యాయవాదితో కలిసి, ఆ బాలిక పక్షమున నిలిచెను. సమ్నరు మన హిందూదేశపు కులభేదమును ఉదాహరణముగా చూపి, పిల్లలను వేఱుచేయుటయే వారికి హీనతను అంటగట్టుట యని వాదించెను. అయినను 1850లో న్యాయస్థానము తండ్రికి ప్రతికూలముగా తీర్పు చెప్పెను. 1855లో ఆ రాష్ట్రపు శాసనసభ యట్టి ప్రత్యేకపు బడులను నిషేధించినది గాని, తీర్పు మాత్రము న్యాయగ్రంథములలో నిలిచిపోయెను.

తరువాత అంతర్యుద్ధము జరిగెను, దాస్యము రద్దయ్యెను. చట్టము ప్రజలందఱికిని సమానరక్షణ మీయవలెనని 1868లో రాజ్యాంగమునకు పదునాల్గవ సవరణము చేర్చిరి. అయినను 1896లో, రైలుబండిలో నల్లవారికి వేఱు పెట్టె యుండవలెనన్న లూసియానా రాష్ట్రపు శాసనము విచారణకు వచ్చినప్పుడు, పెట్టెలు సమానముగా నున్నయెడల వేఱుగా నుండుట తప్పు కాదని సుప్రీంకోర్టు తీర్మానించెను. ఈ తీర్పునకు ఆధారముగా బోస్టను తీర్పునే యెత్తి చూపిరి. న్యాయమూర్తి హార్లను ఒక్కడే దానిని వ్యతిరేకించెను. చిన్నపిల్ల బడినుండి రైలుబండికి పోయిన ఆ న్యాయమే మఱల బడులకు తిరిగివచ్చి, దక్షిణ రాష్ట్రములలో రెండు తరముల పిల్లల చదువును శాసించెను. సమానమన్నమాట కాగితముమీదనే యుండెను. వేఱన్నమాట మాత్రము తప్పక అమలుజరిగెను.

ఈ సిద్ధాంతమును కూల్చుటకు పూనుకొన్నవారిలో ఒక గురువును ఒక శిష్యుడును ముఖ్యులు. హోవర్డు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము బోధించిన చార్లెసు హూస్టను గురువు. థర్‌గుడ్ మార్షలు శిష్యుడు. వారు కోటను ఒక్కదెబ్బతో పడగొట్టుటకు యత్నింపలేదు. “సమానమంటిరి గదా, ఏదీ చూపుడు” అని యొక్కొక్క రాష్ట్రమును నిలదీయుచు వచ్చిరి. మిస్సోరీ రాష్ట్రము లాయిడ్ గెయిన్సు అను విద్యార్థిని తన న్యాయకళాశాలలో చేర్చుకొనక, పొరుగు రాష్ట్రమునకు పోయి చదువుకొనుము, ఫీజు మేమిచ్చెదమనెను. అది సమానము కాదనియు, చదువు ఆ రాష్ట్రములోనే కల్పింపవలెననియు 1938లో సుప్రీంకోర్టు చెప్పెను.

ఆ తరువాత వచ్చిన వ్యాజ్యెములలో నొకటి ఉపాధ్యాయులమైన మా మనస్సును మిక్కిలి కదలించును. జార్జి మెక్లారెను అను వృద్ధుడైన ఉపాధ్యాయుడు విద్యాశాస్త్రములో డాక్టరు పట్టమునకై ఓక్లహోమా విశ్వవిద్యాలయమున చేరెను. చేర్చుకొన్నవారు ఆయనకు తరగతిగదిని ఆనుకొనియున్న ప్రక్కగదిలో ఆసనము వేసిరి. గ్రంథాలయమున వేఱు బల్ల, భోజనశాలలో వేఱు బల్లయు వేఱు వేళయు నేర్పఱచిరి. గురువు ఒకడే, గ్రంథములు అవియే, పాఠమును అదియే. త్రాసులో తట్టలు సరిగానే యున్నవి. కాని 1950లో న్యాయస్థానము వేఱొక మాట చెప్పెను. తోడివిద్యార్థులతో చర్చించి, అభిప్రాయములు పంచుకొని, తన వృత్తిని నేర్చుకొను శక్తిని ఆ యేర్పాటు కుంటుపఱచుననియు, రేపు ఆయన వద్ద చదువబోవు పిల్లలకును ఆ నష్టము తగులుననియు తీర్మానించెను. లెక్కకు రానివియు చదువులో భాగమేయని ఈ విధముగా ఒప్పుకొనిరి.

ఇక మిగిలినది ఒక్క మెట్టు. కాన్ససు, సౌత్ కరోలినా, వర్జీనియా, డెలవేరు రాష్ట్రముల వ్యాజ్యెములను కలిపి సుప్రీంకోర్టు విచారించెను. కాన్ససులోని టొపీకా పట్టణమున క్రైస్తవ బోధకుడైన ఆలివరు బ్రౌను తన కుమార్తె లిండా కొఱకు వాదిగా నిలిచెను. అచ్చట రెండు తెగల బడులలోను కట్టడములును ఉపాధ్యాయుల యోగ్యతయు ఇంచుమించు సమానమని క్రింది కోర్టు తేల్చియుండెను. కావున ప్రశ్న స్పష్టమయ్యెను: అన్నియు సమానమైనను, వేఱుచేయుటయే కీడు కాదా? 1954 మే 17వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులును ఏకాభిప్రాయముతో కీడేయనిరి. రంగును బట్టి వేఱుచేయబడిన బిడ్డ హృదయములో తాను తక్కువవాడనను భావము నాటుకొనుననియు, అది యెన్నటికిని మానకపోవచ్చుననియు ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెను ప్రకటించెను. సమ్నరు వాదించిన మాటయే నూటయయిదేండ్లకు తీర్పయ్యెను.

ఇంతటితో కథ ముగిసినదని తలపవలదు. పై నాలుగింటిలో వర్జీనియా వ్యాజ్యెమునకు మూలము విద్యార్థులే. ఫార్మ్‌విల్ పట్టణమున చాలని బడికి తారుకాగితము కప్పిన పాకలు వేసి పిల్లలను కూర్చుండబెట్టిరి. 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్సు అను పదునాఱేండ్ల బాలిక తోడివారిని సమావేశపఱచి, బడి విడిచి బయటికి నడిపించెను. తీర్పు వారికి జయమే యిచ్చెను. కాని 1955లో న్యాయస్థానము గడువు పెట్టక, ఆలోచనతో కూడిన వేగముతో అమలుపఱచుడని మాత్రమే చెప్పెను. కలిసి చదువుటకంటె చదువే లేకుండుట మేలని, ఆ జిల్లా యధికారులు 1959లో ప్రభుత్వపు బడులన్నియు మూసివైచిరి. తెల్లవారి పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు వెలసెను. నల్లవారి పిల్లలలో అనేకులకు బడియే లేకపోయెను. 1964లో సుప్రీంకోర్టు మఱల జోక్యము చేసికొన్న తరువాతనే బడులు తెఱువబడెను. అప్పటికి ఆఱేండ్ల బిడ్డ పదునొకండేండ్లవాడయ్యెను. పోయిన ఆ యైదేండ్లను ఏ న్యాయస్థానము తిరిగి యీయగలదు?

కావున రెండు సంగతులు జ్ఞాపకముంచుకొనుడు. ఒకటి, బిడ్డ యెక్కడ కూర్చుండునో అదియు పాఠములో భాగమే. రెండవది, తీర్పు త్రోవ చూపును గాని మనకు బదులుగా నడువదు.

సమ్నరు మన దేశమును దోషమునకు ఉదాహరణముగా చూపెనని పైన వ్రాసితిమి. 1950లో మన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసెను. ప్రభుత్వపు సహాయము పొందు పాఠశాలలో మతమును గాని కులమును గాని బట్టి యెవ్వరికిని ప్రవేశము నిరాకరింపరాదనెను. చట్టము తన పని చేసినది. విద్యార్థులారా, మధ్యాహ్నమున మీరు అన్నపుగిన్నెలు విప్పికొని కూర్చుండు వరుసలను ఒక్కమాఱు చూచుకొనుడు. తలిదండ్రులారా, మీ బిడ్డ ప్రక్కన నెవరు కూర్చుందురని మమ్ము అడుగుటకు ముందు, ప్రక్కగదిలో ఒంటరిగా కూర్చుండి పాఠము విన్న ఆ వృద్ధోపాధ్యాయుని తలచుకొనుడు. మేమును ఆయనను తలచుకొనియే తరగతిలో బల్లలు వేయింతుము.